మొదటి డీఎస్‌ఎల్‌ఆర్: నాట్య ప్రదర్శనకూ కృష్ణ ఒడ్డుకూ ఏ కెమెరా, ఏ లెన్సు?

(ఇది పలువురి చర్చ, ప్రతి భాగం పైన రాసినవారి మారుపేరు ఉంది)

పటమట లంక

నేను విజయవాడలో ఉంటాను. ఇంతకాలం ఫోన్‌తోనే ఫోటోలు తీస్తూ వచ్చాను గానీ, ఇక ఒక మంచి డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండి, లెన్సు మార్చుకోగల కెమెరా) కొనుక్కొని ఈ విద్యను పద్ధతిగా నేర్చుకోవాలని నిశ్చయించుకున్నాను. తక్షణ కారణం మా మేనకోడలు. కూచిపూడి నేర్చుకుంటున్న ఆ అమ్మాయి సంక్రాంతి వెళ్ళాక తుమ్మలపల్లి కళాక్షేత్రంలో ప్రదర్శన ఇవ్వబోతోంది. కిందటి ప్రదర్శనలో ఫోన్‌తో తీసిన ఫోటోలన్నింటిలో ముఖం వెలుగుకు తెల్లగా పోయింది, చేతులు చెదిరి ముద్ర ఏదో గుర్తుపట్టడానికి వీలు లేకుండా పోయింది. అది కాక, సాయంత్రాలు ప్రకాశం బ్యారేజీ దగ్గరా ఉండవల్లి వైపూ తిరుగుతూ ఫోటోలు తీయాలని, వీలైతే గుంటూరు దగ్గరి ఉప్పలపాడు పక్షులను కూడా తీయాలని కోరిక.

కేటాయించుకున్నది అరవై వేలు. అడిగిన చోటల్లా ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతున్నారు. ఒక దుకాణంలో కెనాన్ 1500డిని 18-55, 55-250 అనే రెండు లెన్సులతో కలిపి ఇస్తామన్నారు. ఇంకొక చోట 200డి మార్క్ 2ను 18-55తో తీసుకొమ్మన్నారు, దానికే డబ్బంతా అయిపోతుంది. తెలిసినవారి దగ్గర వాడిన నికాన్ డి7200 ఒకటి అమ్మకానికి ఉంది. అన్నీ 24 మెగాపిక్సెళ్ళే కాబట్టి చవకైనది తీసుకుంటే చాలని దుకాణదారు అంటున్నారు. ఆ మాట ఎంతవరకు నిజం?

బ్రాడీపేట 4/14

రెండు లెన్సుల 1500డి తీసుకోండి. నేను దానితోనే నేర్చుకున్నాను. 18 నుంచి 250 ఎంఎం దాకా (ఈ అంకె పెరిగే కొద్దీ దూరపుది దగ్గరగా కనిపిస్తుంది) మధ్యలో లోటు ఉండదు, మీరు చెప్పిన మూడు పనులకూ ఒకే సంచిలో సరంజామా సిద్ధంగా ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవారు ఇంతకంటే ఆలోచించనక్కరలేదు.

పాత రీలు

బ్రాడీపేట గారి మాట పగటి వెలుగుకు సరిపోతుంది, కళాక్షేత్రం వేదికకు సరిపోదు. కారణం కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ప్రశ్న అడిగినవారికి మొదట కావలసింది నాట్య ప్రదర్శన ఫోటోలు.

ఆ రెండు లెన్సులనూ పూర్తిగా జూమ్ చేస్తే వాటి అపెర్చర్ (వెలుగు లోపలికి వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె తగ్గే కొద్దీ అది పెద్దదవుతుంది) ఎఫ్ 5.6కు మించి తెరుచుకోదు. పది వేల దరిదాపుల్లో కొత్తదే దొరికే 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు, అదే వెలుగులో, దానికంటే దాదాపు పది రెట్లు ఎక్కువ కాంతిని, ఫోటోను పట్టే సెన్సారు మీదకు పంపుతుంది. ఉదాహరణకు వేదిక మీద ఎఫ్ 2, షట్టర్ వేగం 1/250 సెకను, ఐఎస్‌ఓ (పట్టిన వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 1600 పెడితే ఫోటో సరైన వెలుగుతో వచ్చిందనుకుందాం. అదే ఫోటోను ఎఫ్ 5.6 లెన్సుతో తీయాలంటే ఐఎస్‌ఓను 12800కు పెంచాలి. 1500డిలో మామూలు ఐఎస్‌ఓ 6400తోనే ఆగిపోతుంది, 12800 కావాలంటే మెనూలోకి వెళ్ళి విస్తరించుకోవాలి. అప్పుడు వచ్చే గరుకుదనంలో ముఖం మీది అభినయం మిగలదు. ఐఎస్‌ఓ పెంచకుండా షట్టర్ తగ్గిస్తే 1/30కి దిగాలి, అప్పుడు మీ ఫోన్ ఫోటోల్లో జరిగినదే జరుగుతుంది.

దుకాణదారు చెప్పిన మెగాపిక్సెళ్ళ లెక్క ఇక్కడ దేనికీ పనికిరాదు. 24 మెగాపిక్సెళ్ళు ఉన్న కెమెరా ఏదైనా గోడకు తగిలించుకునేంత పెద్ద ప్రింటు ఇస్తుంది. మీ డబ్బులో ఎక్కువ భాగం లెన్సుకు వెళ్ళాలి. బాడీ (లెన్సు కాకుండా కెమెరా) నాలుగైదేళ్ళకు మారుతుంది, మంచి లెన్సు దశాబ్దాలపాటు మీతో ఉంటుంది. కెనాన్ ఈఎఫ్ మౌంట్ (లెన్సును బాడీకి బిగించే అమరిక) 1987లో వచ్చింది. ఆనాటి ఈఎఫ్ లెన్సును ఈనాటికీ ఆ కంపెనీ డీఎస్‌ఎల్‌ఆర్‌లకు తగిలించి వాడుకోవచ్చు.

లెక్కల మాస్టారు

పాత రీలు గారు వెలుగు సంగతి చెప్పారు కాబట్టి నేను దూరం సంగతి చెబుతాను. ఏ ఎంఎం లెన్సు కావాలో ఊహించుకోనక్కరలేదు, లెక్క వేసుకోవచ్చు. సెన్సారు పొడవును దూరంతో గుణించి లెన్సు ఎంఎంతో భాగిస్తే, ఆ దూరంలో ఫ్రేములో పట్టే పొడవు వస్తుంది. కెనాన్ క్రాప్ సెన్సారు (పాత ఫిల్మ్ అంత ఉండే ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నది) పొడవు 22.3 ఎంఎం.

మీరు వేదికకు 10 మీటర్ల దూరంలో కూర్చొని కెమెరాను నిలువుగా పట్టుకున్నారనుకోండి. 50 ఎంఎంతో సుమారు 4.5 మీటర్ల ఎత్తు పడుతుంది. చేయి పైకెత్తి నిలబడిన అమ్మాయి 1.8 మీటర్లు ఉంటుందనుకుంటే, ఫ్రేములో సగం కూడా నిండదు. 85 ఎంఎంతో 2.6 మీటర్లు పడుతుంది. తల మీదా పాదాల కిందా తగినంత ఖాళీతో నిండైన నర్తకి దొరుకుతుంది. 135 ఎంఎంతో 1.65 మీటర్లే పడుతుంది కాబట్టి చేయి పైకి లేచినప్పుడల్లా వేళ్ళు తెగిపోతాయి. 250 ఎంఎం దగ్గర 90 సెంటీమీటర్లకు మించి పట్టదు, అంటే తల నుంచి నడుము వరకు.

కాబట్టి మీరు ఏ వరుసలో కూర్చోబోతున్నారో ముందు తెలుసుకోండి. 6 మీటర్లయితే 50 ఎంఎం చాలు. 10 మీటర్లయితే 85 కావాలి.

బ్రాడీపేట 4/14

మాస్టారూ, ఈ లెక్కను పదో తరగతి పరీక్షలో ఇస్తే పిల్లలందరూ నూటికి నూరు తెచ్చుకొని ఇంట్లో కెమెరా కొనిపెట్టమంటారు. అయినా నా సందేహం అలాగే ఉంది. ఒకే ఒక్క ప్రదర్శన కోసం జూమ్ లేని లెన్సు కొంటే మిగిలిన ఏడాదంతా దానితో ఏం చేస్తారు?

లెక్కల మాస్టారు

ఇంట్లో పిల్లలు, పెళ్ళిళ్ళలో ముఖాలు, గుడి మెట్ల మీద పూలు కట్టేవారు, వీటన్నింటికీ 85 చక్కగా పనికివస్తుంది. ఇరుకు గదిలో మాత్రం దానితో ఇబ్బంది. మన ఇళ్ళలో ముందు గదికి పది పన్నెండు అడుగులకు మించి వెడల్పు ఉండదు కాబట్టి, అక్కడ 35 గానీ 18-55 గానీ కావాలి.

అందెల సవ్వడి

గుంటూరులో పిల్లలకు కూచిపూడి నేర్పుతాను. మా ప్రదర్శనలకు వచ్చే ఫోటోగ్రాఫర్లను చాలాకాలంగా చూస్తున్నదాన్ని కాబట్టి, కెమెరా గురించి కాకుండా నాట్యం వైపు నుంచి కొన్ని విషయాలు చెబుతాను.

జతి (లయకు తగ్గ అడుగుల వరుస) జరుగుతున్నప్పుడు పాదాలూ చేతులూ ఒక్క క్షణం నిలవవు. కానీ జతి ముగిసే చోట ముక్తాయింపు వస్తుంది. తాళం సమానికి (ఆవృత్తి మొదలయ్యే చోటుకు) వచ్చి పడిన ఆ దెబ్బకు నర్తకి ఒక భంగిమలో నిలుస్తుంది. అది కనురెప్పపాటు కాలమే అయినా శరీరమంతా, చూపుతో సహా, ఒక్కచోట కుదురుకుంటుంది. ఆ క్షణం ఫోటోలో దొరికితే నాట్యం తెలిసినవారు కూడా మెచ్చుకుంటారు. తాళం వినడం అలవాటైతే ఆ దెబ్బ ఎప్పుడు వస్తుందో ముందే తెలిసిపోతుంది. మీ మేనకోడలి సాధన చూడటానికి నాలుగైదు సార్లు వెళ్ళి కూర్చోండి. అంశాల వరుస రాసుకోండి, ప్రతి అంశంలో నిలుపులు ఎక్కడ వస్తాయో ఆ అమ్మాయినే అడిగి గుర్తుపెట్టుకోండి.

తరంగం సంగతి వేరు. ఇత్తడి పళ్ళెం అంచుల మీద పాదాలు పెట్టి, పళ్ళేన్ని కదుపుతూ ఆడుతున్నప్పుడు అందమంతా పాదాల దగ్గర ఉంటుంది. మొదటి వరుసలో కూర్చుంటే వేదిక అంచు అడ్డు వచ్చి ఆ పళ్ళెమే కనిపించదు. నాలుగు వరుసలు వెనక్కి జరిగి, కొంచెం ఎత్తులో కూర్చోవడం మంచిది. నట్టువాంగం (తాళాలతో నాట్యాన్ని నడిపించేవారు), గాత్రం, మృదంగం ఒక పక్కన ఉంటాయి. వారి మైకు స్టాండ్లు ఫ్రేములోకి రాకుండా రెండో పక్కకు చేరండి.

ఫ్లాష్ దయచేసి వాడవద్దు. కళ్ళతో అభినయం చేస్తున్న పిల్లకు ఆ వెలుగు నేరుగా కళ్ళలోనే పడుతుంది.

అద్దం వద్దు

ఇంతసేపూ డీఎస్‌ఎల్‌ఆర్ కొనాలా అన్న ప్రశ్నే ఎవరూ వేయలేదు. కెనాన్ ఆర్ఎఫ్, నికాన్ జెడ్ మౌంట్లు రెండూ 2018లో వచ్చాయి. అప్పటి నుంచి రెండు కంపెనీల శ్రద్ధంతా మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరాలు) మీదనే ఉంది. నికాన్ డి3500 వంటి ప్రారంభ కెమెరాల తయారీ నిలిచిపోయింది. ఇప్పుడు డీఎస్‌ఎల్‌ఆర్ కొనేవారు ముగిసిపోతున్న దారిలో అడుగుపెడుతున్నారు.

నేర్చుకునేవారికి మిర్రర్‌లెస్ మేలని నేను గట్టిగా నమ్ముతాను. వ్యూఫైండర్‌లో కనిపించేది సెన్సారు చూస్తున్న దృశ్యం కాబట్టి, ముఖం మీద వెలుగు ఎక్కువైతే మీట నొక్కకముందే తెలుస్తుంది. కెనాన్ ఆర్50 బ్యాటరీతో కలిపి 375 గ్రాములే. కదిలే మనిషి కంటిని అదే వెతికి పట్టుకుంటుంది. చప్పుడు లేకుండా కూడా తీయవచ్చు. సభలో వెనుక వరుసవారు మిమ్మల్ని తిట్టుకోరు.

పాత రీలు

అద్దం వద్దు గారు చెప్పిన సుగుణాలన్నీ నిజమే, వాటితో నాకు పేచీ లేదు. నా పేచీ డబ్బుతో. అరవై వేలలో కొత్త మిర్రర్‌లెస్ బాడీ వచ్చినా, దానితో ఇచ్చే 18-45 లెన్సు చివర ఎఫ్ 6.3 దగ్గర ఉంటుంది. అంటే 1500డితో ఇచ్చే లెన్సు కంటే కూడా తక్కువ వెలుగు. ఆ మౌంటుకు వెలుగు ఎక్కువ పట్టే లెన్సు కొనడానికి మళ్ళీ ఏడాది ఆగాలి. ప్రదర్శన సంక్రాంతి వెళ్ళగానే ఉంది.

మన ప్రాంతంలో పెళ్ళి ఫోటోగ్రాఫర్లు చాలామంది మిర్రర్‌లెస్‌కు మారుతున్నారు కాబట్టి, వారు దించేసిన ఈఎఫ్ లెన్సులు మంచి స్థితిలో, తగ్గిన ధరకు దొరుకుతున్నాయి. రేపు మీరు ఆర్ఎఫ్ మౌంటుకు మారినా, కెనాన్ అడాప్టర్‌తో ఆ ఈఎఫ్ లెన్సులు ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. కాబట్టి దారి ముగిసిపోతుందన్న భయం లెన్సు విషయంలో అక్కరలేదు. నికాన్‌లో మాత్రం కొంత జాగ్రత్త కావాలి. పాత ఏఎఫ్-డి లెన్సులకు లోపల మోటారు ఉండదు, డి3500కూ డి5600కూ బాడీలోనూ ఉండదు, అందువల్ల వాటి మీద చేత్తో ఫోకస్ తిప్పుకోవలసిందే. డి7200 బాడీలో మోటారు ఉంది.

అద్దం వద్దు

అడాప్టర్ మాట ఒప్పుకుంటాను. ఈఎఫ్ లెన్సు మీద పెట్టిన డబ్బు వృథా కాదు. అయినా పది వేలు ఎక్కువ కూడబెట్టుకోగలిగితే మిర్రర్‌లెస్సే తీసుకొమ్మంటాను.

గూడబాతు

ఉప్పలపాడు పేరు వినిపించింది కాబట్టి వచ్చాను. అక్కడ గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చెరువులోని చెట్ల మీద గుంపులుగా గూళ్ళు కట్టుకుంటాయి. ఊరికి ఆనుకొని ఉన్న చెరువు కాబట్టి పక్షులు మనిషికి చాలా దగ్గరగా కనిపిస్తాయి. గట్టు మీద నుంచి 250 ఎంఎంతోనే గూటిలోని పిల్లలకు తల్లి మేత అందించడం తీయవచ్చు. కెనాన్ క్రాప్ సెన్సారు మీద అది ఫుల్ ఫ్రేమ్‌లో 400 ఎంఎంతో వచ్చినంత దృశ్యాన్ని ఇస్తుంది. కొల్లేరులోని ఆటపాకకు వెళ్ళాలనుకుంటే మాత్రం ఇంకా పొడవైనది కావాలనిపిస్తుంది.

పొద్దున్నే వెళ్ళండి. తొమ్మిది దాటాక ఎండ నిట్టనిలువుగా పడి తెల్లని రెక్కల్లో ఈక అన్నది కనిపించదు. తెల్ల పక్షికి ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్కించిన వెలుగును పెంచే, తగ్గించే అమరిక) మైనస్ మూడింట రెండు పెట్టి తీయడం అలవాటు చేసుకోండి. లెన్సుకు తొందర లేదు. 55-250లో ఎస్‌టీఎం అని రాసి ఉన్నది ఫోకస్ వేగంగా, నిశ్శబ్దంగా చేస్తుంది. దానినే తరువాత సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కోండి. రెండు లెన్సుల సెట్‌లో ఇచ్చేది సాధారణంగా దానికంటే పాత రకం.

అరండల్‌పేట స్టూడియో

వాడిన డి7200 గురించి ఎవరూ మాట్లాడలేదు. 2015లో వచ్చిన ఆ కెమెరా ఇప్పటికీ గట్టిది. 51 ఫోకస్ పాయింట్లు ఉన్నాయి, వాటిలో 15 క్రాస్ రకానివి (నిలువు, అడ్డం రెండు గీతలనూ పట్టుకునేవి). 1500డి, 200డి మార్క్ 2 రెండింటికీ వ్యూఫైండర్‌లో తొమ్మిదే పాయింట్లు, మధ్యలోది ఒక్కటే క్రాస్ రకం. మసక వెలుగులో ఈ తేడా బాగా తెలుస్తుంది. అయితే 200డి మార్క్ 2లో వెనుక తెర మీద చూస్తూ తీసేటప్పుడు డ్యూయల్ పిక్సెల్ ఫోకస్ (సెన్సారు నుంచే ఫోకస్ చేసే పద్ధతి) పనిచేస్తుంది, అది చాలా చురుకైనది. 1500డిలో అది లేదు.

డి7200 షట్టర్‌ను నికాన్ 1,50,000 సార్లకు పరీక్షించింది. అంతకు మించి పనిచేసేవీ ఉంటాయి, లోపే పోయేవీ ఉంటాయి. పెళ్ళిళ్ళలో తిరిగిన కెమెరా రెండు మూడు సీజన్లలోనే ఆ అంకెను చేరుకుంటుంది. నికాన్‌లో ఒక ఫోటో తీసి ఆ ఫైలు వివరాలు చూస్తే ఎన్ని సార్లు నొక్కారో తెలుస్తుంది. కెనాన్‌లో సాధారణంగా ఆ అంకె ఫైలులో ఉండదు, కేబుల్‌తో కంప్యూటరుకు కలిపి చూడవలసి ఉంటుంది.

లెన్సు చూసేటప్పుడు రెండు మూతలూ తీసి, వెనుక నుంచి సెల్‌ఫోన్ టార్చి వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. ధూళి రేణువులు నాలుగైదు ఉంటే పట్టించుకోనక్కరలేదు. అంచు నుంచి లోపలికి సన్నని తెల్ల పోగులు పాకుతూ కనిపిస్తే అది ఫంగస్, ఆ లెన్సును ఎంత తక్కువకు ఇచ్చినా వదిలేయండి. తరువాత కెమెరాకు తగిలించి ఎఫ్ 16 పెట్టి ఆకాశాన్ని ఫోటో తీయండి. నల్లని చుక్కలు ప్రతి ఫోటోలోనూ అదే చోట కనిపిస్తే సెన్సారు మీద దుమ్ము ఉన్నట్టు. దుమ్మును శుభ్రం చేయించవచ్చు గానీ, గీత పడితే చేయగలిగింది లేదు.

పటమట లంక

ఇన్ని వివరాలు చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు గారి లెక్క ప్రకారం చూసుకుంటే, మాకు దొరికే వరుస వేదికకు పది మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. కాబట్టి 85 వైపే మనసు మొగ్గుతోంది.

మరి కొన్ని సందేహాలు. ఈ కెమెరాను మా అక్క కూడా వాడుతుంది, తనకు మణికట్టు నొప్పి ఉంది కాబట్టి బరువు ముఖ్యం. రెండవది, మా నాన్నగారి పాత ఫిల్మ్ కెమెరా బీరువాలో ఉండి ఉండి లెన్సు లోపల సాలెగూడు అల్లినట్టు అయిపోయింది. అరండల్‌పేట గారు చెప్పిన ఫంగస్ అదేనని ఇప్పుడు అర్థమైంది. మన ఊరి ఉక్కపోతలో కొత్త కెమెరాను దాని నుంచి ఎలా కాపాడుకోవాలి?

అరండల్‌పేట స్టూడియో

బరువు ముఖ్యమైతే డి7200 వదిలేయండి. బ్యాటరీ, కార్డు కలిపి అది 765 గ్రాములు. 200డి మార్క్ 2 అదే లెక్కలో 449 గ్రాములు. దానికి 85 ఎఫ్ 1.8 తగిలిస్తే ఇంకో 425 కలుస్తాయి. ముందు దుకాణానికి అక్కగారిని తీసుకెళ్ళి పది నిమిషాలు చేతిలో పట్టుకొని చూడమనండి.

కొండపల్లి బొమ్మ

బీరువాలో బట్టల మధ్య పెట్టడమే మొదటి చిక్కు. కెమెరాతో ఇచ్చిన తోలు సంచీ, రెక్సిన్ సంచీ కూడా తేమను పట్టి ఉంచుతాయి, నెలల తరబడి వాటిలో వదలకూడదు. వంటింటి సామాను పోసుకునే పెద్ద ప్లాస్టిక్ డబ్బా, రబ్బరు అంచుతో మూత గట్టిగా పడేది ఒకటి తీసుకొని, అందులో సిలికా జెల్ పొట్లాలూ, తేమ చూపే చిన్న మీటరూ పెట్టండి. తేమ నలభై, యాభై శాతం మధ్య నిలిస్తే చాలు. సిలికా గుళికలు రంగు మారితే బాండీలో సన్నని సెగ మీద వేడి చేస్తే మళ్ళీ పనికివస్తాయి. అన్నింటికంటే మంచి మందు వారానికొకసారి బయటికి తీసి వాడటం. వెలుగూ గాలీ తగిలే లెన్సుకు ఫంగస్ అంత తొందరగా రాదు.

ఎండాకాలంలో కారులో వదిలి వెళ్ళవద్దు. వర్షాకాలంలో ఏసీ గది నుంచి బయటికి వెళ్ళేటప్పుడు సంచి వెంటనే తెరవవద్దు. చల్లని గాజు మీద నీటి పొర కమ్ముకుంటుంది. పావుగంట ఆగితే సంచిలోనే సర్దుకుంటుంది.

లెక్కల మాస్టారు

వేదిక దీపాల గురించి ఒక మాట చెప్పడం మరిచాను. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. అందువల్ల కొన్ని రకాల ఎల్ఈడీ, ట్యూబు దీపాలు సెకనుకు 100 సార్లు వెలిగి మసకబారుతాయి. 1/250 వంటి వేగంతో వరుసగా తీస్తే ఒక ఫోటో మామూలుగా, మరొకటి చీకటిగా, లేదా సగం ఫ్రేము పసుపుగా రావచ్చు. కెమెరా చెడిపోయిందని కంగారు పడవద్దు. నిలుపు భంగిమలకు 1/100 పెడితే ఈ ఇబ్బంది తగ్గుతుంది. కదలికలకు 1/250 లేదా పైన తప్పదు కాబట్టి, ఒక్కొక్క సందర్భానికి నాలుగైదు ఫోటోలు వరుసగా తీసి మంచిది ఉంచుకోండి. సాధన రోజు అవే దీపాలు వెలిగిస్తే ముందే తెలిసిపోతుంది.

అద్దం వద్దు

ఇదే కారణంతో ఒక సవరణ చేస్తున్నాను. మిర్రర్‌లెస్‌లో చప్పుడు లేకుండా తీయవచ్చని పైన రాశాను. ఆ నిశ్శబ్ద షట్టర్‌లో సెన్సారు పై నుంచి కిందికి మెల్లగా చదవబడుతుంది కాబట్టి, ఇలాంటి దీపాల కింద చారలు మరింత ఎక్కువగా పడతాయి. వేదిక దగ్గర మామూలు షట్టరే వాడాలి.

పాత రీలు

లెన్సు సంగతి ఒక కొలిక్కి వచ్చింది కాబట్టి నేర్చుకునే క్రమం గురించి రాస్తాను. కొన్న మొదటి నెల 18-55 ఒక్కటే పెట్టుకొని, దాన్ని 35 దగ్గర నిలిపి, జూమ్ తిప్పకుండా తిరగండి. కెమెరాను అపెర్చర్ ప్రయారిటీలో పెట్టి, అపెర్చర్ మారిస్తే షట్టర్ ఎలా మారుతోందో గమనించండి. సాయంత్రం బ్యారేజీ దగ్గర ఇది బాగా తెలుస్తుంది. నీళ్ళు నిలిచి ఉండేది ఎగువన, పడమటి వైపు కాబట్టి సూర్యుడు నీళ్ళ మీదుగానే దిగుతాడు. కెమెరా ఆ వెలుగుకు మోసపోయి పడవలోని మనుషులను నల్లగా చేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను ప్లస్ ఒకటికి పెంచి ఒకటి, మైనస్ ఒకటికి తగ్గించి ఒకటి తీసి ఇంటికి వెళ్ళి పక్కపక్కన పెట్టి చూడండి. పుస్తకం చదివి అర్థం చేసుకోవడానికి వారం పట్టే విషయం ఒక్క సాయంత్రంలో చేతికి వస్తుంది.

చీకటి పడ్డాక బ్యారేజీ దీపాలు తీయాలంటే ట్రైపాడ్ కావాలి. బ్యారేజీ మీద నిలబడవద్దు, బండ్లు వెళ్ళినప్పుడల్లా కాళ్ళ కింద అదురుతుంది. ఘాట్ మెట్ల మీద నిలబెట్టుకోండి. ఐఎస్‌ఓ 100, ఎఫ్ 8, పది నుంచి పదిహేను సెకన్లు. లెన్సు మీద స్టెబిలైజర్ అని రాసి ఉన్న మీటను (చేతి వణుకును సరిదిద్దేది) ఆపేసి, రెండు సెకన్ల టైమరు పెట్టి చేయి తీసేయండి. డెబ్బై గేట్ల కింది దీపాలు నీళ్ళలో గీతలుగా దిగి వస్తాయి.

ఉండవల్లి గుహల్లో పై అంతస్తులోని అనంతశయన మూర్తి దగ్గర ట్రైపాడ్‌కు అనుమతి ఉంటుందనుకోవద్దు. అక్కడ వెలుగు ఒక పక్క నుంచే వస్తుంది, అదే ఆ శిల్పానికి అందం. మధ్య నుంచి కాకుండా పాదాల వైపు నుంచి 18 ఎంఎంతో, స్తంభానికి భుజం ఆనించి తీయండి.

అరండల్‌పేట స్టూడియో

85 కొనేముందు ఒక రోజు అద్దెకు తెచ్చుకోండి. విజయవాడలోనూ గుంటూరులోనూ లెన్సులు అద్దెకు ఇచ్చేవారు ఉన్నారు, ఆధార్ నకలూ కొంత డిపాజిట్టూ అడుగుతారు. సాధన రోజున దానితో తీసి చూసుకుంటే, కొనాలా వద్దా అన్నది మాతో పనిలేకుండా మీకే తెలుస్తుంది.

బిల్లు విషయంలో పట్టుదలగా ఉండండి. మార్కెట్ ధర కంటే బాగా తక్కువకు కొత్త కెమెరా ఇస్తామంటే, అది దొడ్డిదారిన దిగుమతి అయినది కావచ్చు. దానికి ఇక్కడి కంపెనీ వారంటీ వర్తించదు. మా దగ్గరకు వచ్చిన ఒక కాలేజీ అబ్బాయికి అలాంటిదే అంటగట్టారు. ఆరు నెలలకే తెర పోతే బాగుచేయించడానికి సొంత డబ్బు పెట్టుకున్నాడు. బిల్లు మీది సీరియల్ నంబరూ, కెమెరా అడుగున ఉన్న నంబరూ, పెట్టె మీది నంబరూ మూడూ ఒకటేనా అని దుకాణంలోనే సరిచూసుకోండి.

పటమట లంక

సాధన రోజు అద్దె 85తో తీశాను. కెమెరా కూడా అద్దెదే, 200డి మార్క్ 2. అందెల సవ్వడి గారు చెప్పినట్టు ముందుగా నాలుగు రోజులు వెళ్ళి ఊరికే కూర్చొని తాళం విన్నాను. ఎఫ్ 2.2, 1/320, ఐఎస్‌ఓ 1600. ఒక జతి చివర నిలుపులో తీసిన ఫోటోలో కుడి చేతి పతాక ముద్రలో నాలుగు వేళ్ళూ స్పష్టంగా, గోళ్ళకు పెట్టిన పారాణితో సహా కనిపిస్తున్నాయి. జడ చివరి కుప్పెలు మాత్రం ఇంకా ఊగుతూ కొంచెం చెదిరాయి. ఆ చెదరడం వల్లే ఆమె అప్పుడే ఆగిందని తెలుస్తోంది. మా అక్క ఆ ఒక్క ఫోటో చూసి ఇక చర్చ అనవసరమంది.

వాడిన 200డి మార్క్ 2, 18-55తో, అసలు బిల్లుతో సహా ఒకటి దొరికింది. టార్చి వేసి చూశాను, ఆకాశం ఫోటో తీసి చూశాను, శుభ్రంగా ఉంది. మిగిలిన డబ్బుతో సెకండ్ హ్యాండ్ 85 ఎఫ్ 1.8 తీసుకుంటున్నాను. రెండు లెన్సులకూ ఫిల్టరు కొలత 58 ఎంఎంగా ఒకటే కావడం కూడా కలిసివచ్చింది. పక్షుల లెన్సు వచ్చే ఏడాదికి. ఒకే ఒక్క సందేహం మిగిలింది. చివరి అంశంలో నలుగురు పిల్లలు కలిసి ఆడతారు, అప్పుడు కూడా ఎఫ్ 2.2 సరిపోతుందా?

లెక్కల మాస్టారు

సరిపోదు. 10 మీటర్ల దూరంలో 85తో ఎఫ్ 2.2 పెడితే, స్పష్టంగా వచ్చే లోతు ముందువెనుకలు కలిపి ఒక మీటరుకు కొంచెం ఎక్కువ. నలుగురూ ఒకే వరుసలో ఉంటే ఇబ్బంది లేదు గానీ, ఇద్దరు ముందు, ఇద్దరు వెనుక అయ్యారంటే వెనుకవారి కళ్ళు మసకబారతాయి. ఎఫ్ 4కు వెళ్ళితే రెండు మీటర్లు దొరుకుతాయి, దానికి ఐఎస్‌ఓ 6400 పెట్టుకోవలసి వస్తుంది. 200డి మార్క్ 2లో అది మామూలు పరిధిలోనిదే. పైగా నలుగురూ 85 ఫ్రేములో ఇమడరు, ఆ అంశానికి వెనుక వరుసకు వెళ్ళాలి. అక్కడి నుంచి దూరం పెరుగుతుంది కాబట్టి లోతు ఇంకా పెరుగుతుంది. అప్పుడు ఎఫ్ 2.8తోనే పని జరగవచ్చు.

అందెల సవ్వడి

వెనుకకు వెళ్ళేది అంశాల మధ్య విరామంలోనే వెళ్ళండి. పాట మొదలయ్యాక నడవాలో నిలబడితే వేదిక మీది పిల్లలకు కనిపిస్తుంది. పతాక ముద్ర గురించి రాసిన ఆ ఫోటోను మీ మేనకోడలి గురువుగారికి తప్పకుండా చూపించండి. బొటనవేలు సరిగా మడిచిందో లేదో ఆవిడ అందులోనే చూసి చెప్పగలరు.

అరండల్‌పేట స్టూడియో

రా ఫైళ్ళలో (సెన్సారు పట్టిన వివరమంతా ఉండే ఫైళ్ళు) తీయండి. ఎర్ర దీపం పడినప్పుడు ముఖమంతా ఎరుపు ముద్దగా వస్తుంది, జేపీజీలో దాన్ని సరిదిద్దడం కష్టం. 64 జీబీ కార్డులు రెండు, అదనపు బ్యాటరీ ఒకటి తీసుకోండి. విరామంలో కార్డు మార్చండి, నిండే దాకా ఆగవద్దు.